కృతజ్ఞతల పేజీ

ఆత్మకూరు,
11-2-2024

తమ్ముడూ కేశవా,

ఇంత లావు కట్ట చూసి జడుసుకోకు. ఇవన్నీ నా ప్రశ్నావళులు, నూట ఇరవై కాగితాలు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మీ బావ నాకు చేసిన మేలు ఇదొక్కటే. డిపోలో కంట్రోలరుగా ఉన్నందుకు ఉదయగిరి బస్సు డ్రైవరు చేతికి కట్ట ఇప్పించాడు. నీ మందలపాళెంలో ఫోను సరిగా పలకదు. పలికినా మనిద్దరం మూడో నిమిషానికల్లా పోట్లాటకు దిగుతాం. అందుకని ఉత్తరం కూడా కట్టలోనే పెడుతున్నాను. జవాబు కూడా ఇట్లాగే పంపు.

నేను పి.హెచ్.డి.లో చేరి ఇది నాలుగో ఏడు. హైస్కూల్లో సోషల్ చెప్పుకుంటూ, ఉన్న సెలవులన్నీ యూనివర్సిటీకి ధారపోస్తున్నాను. గైడు గారు ఇంతవరకు నా అధ్యాయం ఒక్కటీ తెరిచి చూడలేదు గానీ, దూరవిద్య జవాబు పత్రాలు మూడు వందలు నాతో దిద్దించుకున్నాడు. స్టాఫ్‌రూములో "ఏంది మేడం, ఈ వయసులో డాక్టరయ్యి మాకు సూదులేస్తారా?" అని నవ్వుతారు. నవ్వనీ. 2026 ఏప్రిల్‌కి ఆరేళ్ళ గడువు అయిపోతుంది. ఆ లోపల పట్టా రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఈ నవ్వులన్నీ నిజమైపోతాయి.

నా అంశం నీకు తెలిసిందే. గొర్రెల మందలతో వలసపోయే ఇళ్ళ పిల్లల చదువు. ఏడు బడులు తీసుకున్నాను, వాటికి పేర్లు ఉండవు, ఏ నుంచి జి దాకా అక్షరాలే. మీది డి. మిగతా ఆరు బడుల రిజిస్టర్లు చూశాను. అన్నిట్లోనూ హాజరు నూటికి తొంభై ఆరు! మందలు సంగం ఆనకట్ట దిగువన మేస్తుంటే, పిల్లలు ఉదయగిరి కొండ కింద బడిలో ఎట్లా కూర్చున్నార్రా? ఈ అబద్ధాలతో థీసిస్ రాస్తే నా మొహాన కొడతారు. నిజం లెక్క నీ దగ్గర ఉంటుంది. చిన్నప్పటినుంచి ఏదో ఒకటి రాసిపెట్టుకునే జబ్బు నీది. ఇవ్వరా.

నిమ్మకాయ ఊరగాయ కట్ట అడుగున ఉంది. కారిందేమో చూడు.

ఆశతో, మీ అక్క
సుకుమారి

*

ఉదయగిరి,
20-2-2024

అక్కా,

కట్ట చేరింది, ఊరగాయ కారలేదు. డ్రైవరు పెంచలనరసయ్య నీ కాగితాల మీద ఎవరిదో కోళ్ళగంప పెట్టించాడు గనక కొన్నిటికి ఆ వాసన ఉంటుంది. పరిశోధనలో అదీ రాసుకో.

నువ్వడిగిన నిజం లెక్క ఉంది. ముందు దాని కథ విను. నా బడిలో ఇరవై రెండు మంది. ఫిబ్రవరిలో కోతలు మొదలయ్యేసరికి పదముగ్గురు అమ్మానాయనల వెంట మందతో దిగువకు పోతారు. కోసిన వరి కయ్యల్లో గొర్రెల్ని మేపుతారు, ఎరువు కోసం ఏ రైతు పిలిస్తే అక్కడ మంద కడతారు, తొలకరికి తిరిగొస్తారు. మొదటి ఏడు నేను వాళ్ళ పేర్లు కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే మిగిలేది తొమ్మిది మంది. తొమ్మిది మందికి బడి ఉంచరు, పక్కూరి బడిలో కలిపేస్తారు. అక్కడికి నడవాలంటే లారీలు తిరిగే రోడ్డు మీద నాలుగు మైళ్ళు.

అప్పుడు వెంగయ్య అనే కాపరుల ముఠా పెద్ద, "పిలకాయలు మంద కాడ ఖాళీగానే ఉండారు గదా సార్, ఆడికే పని ఇయ్యరాదా" అన్నాడు. ఆ మాట పట్టుకున్నాను. పోయే ప్రతి బిడ్డకీ ఒక నోటుపుస్తకం ఇస్తాను, దానికి మంద పుస్తకం అని పేరు. రోజుకొక పేజీ. ఏ ఊరి కయ్యలో ఉన్నారు, గొర్రెలెన్ని, ఒక లెక్క, నాలుగు వాక్యాలు. రెండు వారాలకొక ఆదివారం బండి మీద పోయి దిద్దుతాను, పాఠం చెబుతాను, బడి భోజనంలో వాళ్ళ వంతు గుడ్లూ చిక్కీలూ ఇచ్చి వస్తాను. బడి యాప్‌లో మాత్రం రోజూ ఇరవై రెండు మందికీ హాజరు నొక్కుతాను. ఎవరు ఎక్కడున్నారో, ఎవరు పేజీ ఎగ్గొట్టారో నా సొంత పుస్తకంలో ఉంటుంది. నా లెక్కలో ఇది మోసం కాదు. ఆఫీసు లెక్కలో మోసమే.

ఆ సొంత పుస్తకమే నీకు పంపుతున్నాను. చూసుకుని తిప్పి పంపు. ఊరి పేరు మాత్రం ఎక్కడా రాకూడదు. బడి పోతుంది.

రేపు డాక్టరమ్మవయ్యాక తమ్ముడి పేరు గుర్తుంటుందో లేదో, డి బడి పంతులూ అని పిలుస్తావేమో.

కోళ్ళ వాసనతో,
కేశవ

*

ఆత్మకూరు,
1-4-2024

కేశవా,

నిన్న సంగం దిగువన చూసింది ఇంకా కళ్ళలోనే ఉంది. నువ్వు గట్టు మీద గోనెపట్టా పరిచి కూర్చున్నావు, పిల్లలు పుస్తకాలు చేత్తో పట్టుకుని గొర్రెల మధ్యనుంచి వచ్చారు. అంతమంది ఒకేసారి నీ మీద పడితే ఒక్కొక్కరినీ పేరుపెట్టి వెనక్కి పంపావు. ఇరవై మూడేళ్ళ సర్వీసులో నా క్లాసుకి అంత ఆత్రంగా వచ్చిన వాళ్ళు లేరు.

వెంగయ్య కూతురు అశ్విత పుస్తకం నకలు రాసుకొచ్చాను. "ఈ రోజు రెండు పిల్లలు పుట్టినాయి. ఒకటి నిలబడలా. మా నాయన దాన్ని బుజాన ఏసుకున్నాడు. 318 + 2 = 320." రెండో తరగతి పిల్ల! నా పదో తరగతి వాళ్ళు నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాస్తే పండగ చేసుకుంటాను. "నువ్వు సార్‌కి అక్కవా? నువ్వు గూడా దిద్దుతావా?" అని అడిగి నా చేత కూడా టిక్కు పెట్టించుకుంది.

గైడు గారికి ఫోన్లో చెబితే మొదటిసారి నా మాట పూర్తిగా విన్నాడు. చాలా మంచి శాంపిల్ దొరికిందమ్మా అన్నాడు. నాకూ అదే అనిపించింది. మిగతా ఆరు బడుల్నీ పక్కన పెట్టినా, నీ డి బడి ఒక్కటే నా థీసిస్‌ని మోస్తుంది.

నీ పేరు గురించి నువ్వన్న మాట నాకు గుచ్చుకుంది. నేను అట్లా మరిచిపోయే మనిషినేనా?

నీ పుస్తకం జాగ్రత్తగా తిప్పి పంపుతున్నాను. ఆ ఎండలో టోపీ పెట్టుకోరా. మొహం కాలిన పెనంలా ఉంది.

నీ అక్క
సుకుమారి

*

ఉదయగిరి,
8-7-2024

అక్కా,

మందలు వచ్చేశాయి. బడి నిండుగా ఉంది. వాన పడితే మూలన కారుతుంది, ఆ మూలనే అందరూ కూర్చుంటామంటారు.

మీ అక్క మమ్మల్ని గురించి ఏమి రాసిందని అశ్విత వాళ్ళమ్మ శీనమ్మ అడిగింది. "మంచిగా రాసుంటాది గదా సార్? మేము టీ గూడా ఇచ్చినాం" అన్నది. శాంపిల్ అని రాసిందమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. నీ చదువులో ఆ మాట మామూలే అయ్యుండొచ్చు. మా దగ్గర వడ్ల కొట్లో బస్తాకి కంత పెట్టి గుప్పెడు గింజలు తీసి చూసి పారేస్తారే, దాన్ని శాంపిల్ అంటారు. నాకు నచ్చలేదు.

మిగిలిన కాగితాలు నింపించి పంపుతున్నాను. ఇక నా దగ్గర నీకు కావలసింది ఏమీ లేదనుకుంటాను. పేరు సంగతంటావా, మంద మంచిగా ఉంటే చాలు, కాపరి పేరు ఎవరడుగుతారు? ఊరి పేరు సంగతి మరొక్కసారి గుర్తు చేస్తున్నాను.

బావ మోకాలికి ఎట్లా ఉంది?

కేశవ

*

ఆత్మకూరు,
21-12-2025

నా బంగారు తమ్ముడికి,

ఏడాదిన్నర అయింది నీకు ఉత్తరం రాసి. ఫోన్ చేసినప్పుడల్లా పొడిపొడిగా రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తున్నావు. కోపమని తెలుసు. దాన్ని పోగొట్టే మందు ఈ కట్టలో ఉంది, నిదానంగా విప్పు.

ఆగస్టులో థీసిస్ ఇచ్చేశాను. మూడు వందల పన్నెండు పేజీలు. అచ్చువేసి అట్టలు కట్టించి ఇంటికి తెచ్చిన రోజు మీ బావ దాన్ని చేత్తో ఎత్తి చూసి, "బరువు బానే ఉండాదే" అన్నాడు. అదే ఆయన మెచ్చుకోలు. ఇక వైవా ఒక్కటే మిగిలింది.

మొన్న ఇక్కడ ఉపాధ్యాయుల సభలో నా చేత మాట్లాడించారు. సూదుల జోకు వేసిన వాళ్ళే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. పేపరు విలేకరి డేవిడ్‌రాజు నా దగ్గర చదువుకున్నవాడే. థీసిస్ ఒక రోజు ఇంట్లో పెట్టుకుని చూసి రాశాడు. ముక్క కత్తిరించి పెట్టాను, చదువు.

ఇప్పుడు అసలు సంగతి. నీ కాపీ తీసి మొదటి పేజీలు తిప్పు. అమ్మానాయనల పేర్ల కంటే ముందు, గైడు గారి పేరు కింద, ఏమి రాశానో చూడు. "మందలపాళెం ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, నా సోదరుడు కేశవ తన సొంత హాజరు పుస్తకాన్ని నా చేతిలో పెట్టి ఉండకపోతే ఈ పరిశోధన లేదు." కాపరి పేరు ఎవరడుగుతారని రాశావే, ఆ వాక్యం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు నాకు. ఇప్పుడు మూడు వందల పేజీలకు ముందు నీ పేరే ఉంది. యూనివర్సిటీ లైబ్రరీలో ఎప్పటికీ ఉంటుంది.

లోపల మాత్రం ఎక్కడ చూసినా డి బడి అనే ఉంది. మాట తప్పలేదు.

నీ పేరు చెప్పుకుని గర్వపడే
అక్క

*

ఉదయగిరి,
22-2-2026

అక్కా,

గురువారం పొద్దున పది గంటలకు జీపులో ముగ్గురు వచ్చారు. బడిలో ఎనిమిది మంది పిల్లలున్నారు. యాప్‌లో ఇరవై రెండు. మిగతా వాళ్ళేరి అని అడగలేదు. అడగకుండానే వాళ్ళకు తెలుసు. ఒకాయన ఫోన్లో డేవిడ్‌రాజు రాసిన పేపరు ముక్క చూపించాడు. డి బడిలో ఇరవై రెండు మందిలో పదముగ్గురు ఏటా నాలుగు నెలలు బడి మొహం చూడరని దాన్లో ఉంది. తర్వాత ఇంకో ఫోటో చూపించాడు. నీ కృతజ్ఞతల పేజీ. నా పేరు, ఊరి పేరు, హాజరు పుస్తకం, అన్నీ ఒక్క వాక్యంలో ఉన్నాయి. ఇంత తేలిగ్గా ఎవరూ దొరికి ఉండరు వాళ్ళకి.

డిసెంబరులోనే నీ కట్ట విప్పి ఆ పేజీ చూశాను. చూసి నీకు ఏమీ రాయలేదు. చింపేసి ఊరుకున్నాను. నా ఒక్క కాపీలో చింపితే పోతుందా?

సొంత పుస్తకం పట్టుకుపోయారు. మెమో ఇచ్చారు. అబద్ధపు హాజరు ఒకటి, పిల్లల గుడ్లు తినేశాననేది రెండు. డెబ్బై కిలోమీటర్లు బండి మీద మోసుకుపోయి ఇచ్చానంటే, "పగలకుండానా?" అని నవ్వారు. మంద పుస్తకాలు చూపించాను. ఇవన్నీ నువ్వే కూర్చుని రాసుంటావు అన్నారు. వెంగయ్యని సాక్ష్యానికి తెస్తానంటే, పిల్లల తండ్రి మాట చెల్లదట, మందకు బయటి మనిషి చెప్పాలట.

మార్చి 10న ఎంక్వయిరీ. నాకు నీ దగ్గర ఒక్క కాగితం కావాలి. ఫలానా రోజు నేను పోయాను, మంద దగ్గర పిల్లలు చదవడం, రాయడం, గుడ్లు పంచడం కళ్ళారా చూశాను, వాళ్ళ పుస్తకంలో నేనే టిక్కు పెట్టాను అని రాసి, హైస్కూలు స్టాంపు వేసి సంతకం పెట్టు. బడి నిలబడితే దాంతోనే నిలబడాలి. నా ఉద్యోగం సంగతి తర్వాత.

నిన్ను తిట్టడానికి ఇప్పుడు తీరిక లేదు.

కేశవ

*

ఆత్మకూరు,
5-3-2026

కేశవా,

నీ ఉత్తరం చదివాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టుకోవాలి, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పేజీ ఎందుకు రాశాను? నీ మీద ప్రేమతో రాశాను. రెండు సార్లు ఎత్తిపొడిచావు గనక రాశాను.

కాగితం సంగతి. గైడు గారిని అడిగాను. 17న నా వైవా. ఇప్పుడు నేను టిక్కులు పెట్టానని సంతకం చేసి ఇస్తే, పరిశోధకురాలే పిల్లల పుస్తకాల్లో చెయ్యి పెట్టింది, పైగా తమ్ముడి బడి, ఈ డేటా చెల్లదు అంటారట. "నోరు మూసుకుని పన్నెండు రోజులు కూర్చోమ్మా" అన్నాడు. ఏప్రిల్ దాటితే నా రిజిస్ట్రేషనే ఉండదు. ఆరేళ్ళురా! ఎన్ని సెలవులు, ఎన్ని బస్సులు, ఎంతమంది చేత ఎన్ని మాటలు పడ్డాను. నువ్వు ఎంక్వయిరీ పది రోజులు వాయిదా వేయించుకో. 18వ తేదీ నీకు కావలసిందంతా రాసిస్తాను.

ఇంకొకటి. కోపం తెచ్చుకోకు. నీకు ఎం.ఇడి. సీటు వచ్చిన ఏడే నాకూ వచ్చింది. ఇద్దరినీ పంపలేక నాయన నన్ను పంపి నిన్ను ఆపాడు. అప్పటి మంట నీలో ఉందని నాకు తెలుసు. నీ ఉత్తరంలో ఆ సెగ తగులుతోంది. నా వైవా ముందు ఈ కాగితం అడగడంలో అదేమన్నా ఉందేమో నిన్ను నువ్వే అడుక్కో.

అక్క

*

ఉదయగిరి,
7-3-2026

అక్కా,

ఉత్తరం అందింది. వాయిదా నా చేతిలో లేదు.

కేశవ

*

ఆత్మకూరు,
29-3-2026

తమ్ముడూ,

అయిపోయింది. వైవాలో నలభై నిమిషాలు నిలబెట్టారు. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు మీ డి బడి అధ్యాయం గురించే అడిగాడు. వలసపోయే పిల్లలకు బడిని వాళ్ళ వెంట పంపడం అనే ఆలోచన రాష్ట్రమంతటా పెట్టదగింది అన్నాడు. నీ మాటే అది. నాకు ఏడుపొచ్చింది.

పదిసార్లు ఫోన్ చేశాను, ఎత్తవు. ఎంక్వయిరీ ఏమైంది? నిన్ను పక్కన పెట్టారని బావ డిపోలో ఎవరో అంటే విన్నాడట. నిజమేనా? ఇప్పుడు నాకే అడ్డూ లేదు. నాలుగు పేజీలు రాసి, స్టాంపు వేసి, కట్టలో పెట్టాను. కావాలంటే ఆఫీసుకు నేనే వస్తాను, ఎవరి ముందు నిలబడమంటే వాళ్ళ ముందు నిలబడతాను.

ఏప్రిల్ 12 ఆదివారం సంఘం వాళ్ళు నాకు ఇక్కడ సన్మానం పెట్టారు. నువ్వు నా పక్కన కూర్చోవాలి. ఆ శాలువా సగం నీదే. నువ్వు రాకపోతే నేను స్టేజీ ఎక్కలేనురా.

నీ రాక కోసం చూసే
సుకుమారక్క

*

ఉదయగిరి,
4-4-2026

అక్కా,

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. సన్మానానికి నేను రాను. నువ్వు స్టేజీ ఎక్కు. ఎక్కగలవు.

నన్ను సస్పెండ్ చేసిన మాట నిజం. జూన్ నుంచి మందలపాళెం బడి ఉండదని ఆర్డరు కూడా వచ్చింది. పిల్లల పేర్లు పక్కూరి బడికి రాసేశారు. ఇక్కడున్న తొమ్మిది మందిలో ఆరుగురు లారీల రోడ్డు మీద పోతామంటున్నారు. మందతో పోయిన పదముగ్గురిలో ఎవరూ పోరు. మొన్న దిగువకు పోయి చెప్పి వచ్చాను, నేను చెప్పకుండా ఇంకెవరో చెప్పడం నాకిష్టం లేక. వెంగయ్య "పోనీలే సార్, మీకు కష్టం తెచ్చినాం" అన్నాడు. వాళ్ళు నాకు కష్టం తెచ్చారట! శీనమ్మ అశ్వితని ఇక మంద దగ్గరే పెట్టుకుంటానన్నది. నాలుగో తరగతి పరీక్షలకు ఇంకా మూడు వారాలు ఉన్నాయి.

నీ నాలుగు పేజీలు చదివాను. బాగా రాశావు. అందులో ఒక్క అబద్ధం లేదు. ఎంక్వయిరీ మూసేశారు గనక దాన్ని ఎవరికీ ఇవ్వలేను. తిప్పి పంపుతున్నాను.

ఎం.ఇడి. మాట నువ్వు ఎత్తావు గనక చెబుతున్నాను. మంట ఉంది. మొదటి ఏడు చాలా ఉంది, తర్వాత తగ్గింది, ఈ బడికి వచ్చాక మరిచిపోయాను. నువ్వు మరిచిపోలేదని ఇప్పుడు తెలిసింది.

ఎంక్వయిరీకి వచ్చినాయన మంచివాడే. మంద పుస్తకాలు ఒక్కొక్క పేజీ తిప్పి చూశాడు. "ఇవి పిలకాయలు రాసినవేనని నాకూ అనిపిస్తా ఉండాది కేశవా. కళ్ళతో చూసిన బయటి మనిషి ఒక్కరుంటే చాలు, పేరు చెప్పు, పిలిపిస్తా" అన్నాడు. రెండుసార్లు అడిగాడు. ఎవరూ లేరని రాసి సంతకం పెట్టాను.

నీ వైవా కోసం చేశాననుకుని ఏడవకు. అంత మంచితనం నా దగ్గర లేదు. నిన్ను పిలిపిస్తే, నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చుని, నేనేమీ చూడలేదని చెబుతావని భయమేసింది. ఆ మాట నీ నోట వినడం కంటే ఉద్యోగం పోవడమే మేలనుకున్నాను.

కేశవ